మద్దిలేటి నడక

1

రాసుకో. నా పేరు కదిరమ్మ. ఊరు ప్యాపిలి దగ్గర ఒక పల్లె. ఇప్పుడక్కడ ఎవరూ లేరు గనక దాని పేరు అక్కరలేదు. ఉండేది గుత్తి లారీ యార్డులో, నా బండిలోనే. వయసు ఎంతని అడిగారు. నాకు తెలియదు. సముద్రం ఒంగోలు దాకా వచ్చిన ఏడాదికే నా తల నెరిసి ఉంది. అక్కడి నుంచి మీరే వేసుకోండి.

నాకు చదువు రాదు. నా వాదన రాతలో పెట్టమని సరుకుల మండలి వారు అన్నారు. యార్డు ఆఫీసులో ఉన్న ఈ పెట్టె ముందు కూర్చుని చెబితే చాలు, అదే రాస్తుందన్నారు. నా మాటను సాపు చేసి పుస్తకాల భాషలో పెడుతుందట. పెట్టనీ. తిట్లు మాత్రం తీసేయవద్దని చెప్పాను. తీసేస్తే నాకు తెలిసిపోతుంది. రాసిందంతా కాశింసా చదివి వినిపిస్తాడు. కాశింసా మా యార్డు వాచ్‌మన్. కంటికి అద్దాలున్నాయి గానీ నోరు ఇంకా బాగానే ఉంది.

నా మీద నేరం ఇది. చనిపోయిన మద్దిలేటి అనే డ్రైవరు నడకను నేను దొంగిలించానట. అందుకని మేస్త్రి నాకు లోడు ఇవ్వడం లేదు. లోడు లేని బండికి బ్యాటరీ మార్చరు. బ్యాటరీ మారని బండి యార్డు గేటు దాటదు. నాకు కావలసింది ఒక్కటే. నా పేరు మీద నాకు లోడు రావాలి. ఈ మాటలన్నీ దానికోసమే.

2

లోడ్లు పంచే ఆ మేస్త్రి యంత్రాన్ని పెట్టింది మీరే గనక అదేమిటో మీకు నేను చెప్పనక్కరలేదు. అయితే కింద నిలబడిన వాళ్లకు అది ఎలా ఉంటుందో మీకు తెలియదు. అది చెబుతాను.

యార్డులో లారీలు తూచే కాటా పక్కన స్తంభానికి ఒక స్పీకరు ఉంది. ప్రతి బండిలోనూ ఒకటి ఉంది. అన్నిట్లోనూ అదే గొంతు, ఆడది కాదు, మగది కాదు. "ఫలానా వారూ, బేతంచెర్లలో బండలు ఉన్నాయి, నంద్యాలకు. వస్తారా?" అని అడుగుతుంది. వస్తానంటే లోడు మనది. వద్దంటే మన పేరు ఒక మెట్టు కిందికి దిగుతుంది. ఎందుకు వద్దన్నావని అడగదు. కోపం రాదు. కోపం రాని వాడితో పోట్లాడడం ఎంత కష్టమో ఇన్నేళ్లకు తెలిసింది.

పెద్ద రోడ్డు మీది సరుకంతా గుడ్డిబండ్లు లాగుతాయి. వాటికి అద్దం ఉండదు, సీటు ఉండదు, లోపల మనిషి ఉండడు. వాటికి దారి అరచెయ్యిలా ఉండాలి. బండల గనుల్లోకి, ఎర్రమల కనుమల్లోకి, వానకు సగం కొట్టుకుపోయిన కల్వర్టుల మీదికి అవి రావు. అక్కడికి మేం పోతాం. సొంత బండి ఉన్నవాళ్లం, ఒకరి కింద లేనివాళ్లం.

మేస్త్రి రాకముందు లోడు ఎలా దొరికేదని మండలి ఆఫీసరమ్మ అడిగింది. అడిగి దొరికించుకునేవాళ్లం. ఖాళీగా ఉన్న బండి వెనక డోరు దించి పెడితే లోడు కావాలని అర్థం. పక్క డోరు కూడా దించితే ఎటైనా వస్తానని అర్థం. కమీషను ఏజెంటు గానీ, బండల ఫ్యాక్టరీ గుమస్తా గానీ చూసుకుంటూ వచ్చేవాడు. టీ చల్లారేలోపు ఎక్కడికి, ఏమిటి, ఎప్పుడు అన్నీ తేలిపోయేవి. దించిన చోట రిటర్న్ లోడు కోసం మళ్లీ అదే పని. నోరున్నవాడికి రెండు వైపులా సరుకు. నాకు నోటికి ఎప్పుడూ లోటు లేదు.

తరువాత ఒక్కొక్కరే మేస్త్రి కిందికి పోయారు. ఫ్యాక్టరీలు పోయాయి, పసుపు కొట్లు పోయాయి. ఆఖరికి కర్నూలు ఉల్లిగడ్డల మార్కెట్టులో నాకు ఎన్నో ఏళ్లుగా సరుకు ఇచ్చిన పెద్దరంగడు కూడా చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అవ్వా, నీకి ఇస్తే నాకి బీమా రాదంట. నేనేం జేసేది?"

"బీమా ఏంటికిరా, ఎన్నడన్నా ఒక గడ్డ రాల్చినానా?"

"రాల్చలేదులే అవ్వా. రాల్చలేదని గూడ మేస్త్రే జెప్పల్లంట."

అప్పుడు నేను కూడా పేరు ఇచ్చుకున్నాను. యార్డులో అందరికన్నా ఆఖరున.

మేస్త్రి మనిషిని గుర్తుపట్టే పద్ధతి మొదట వేలిముద్ర. తాళ్లు లాగి లాగి అరిగిన మా వేళ్లు దానికి కనబడలేదు. తరువాత ముఖం పెట్టారు. ఎవరి ముఖం ఎవరైనా తగిలించుకునే కాలం వచ్చి అదీ పోయింది. చివరకు నడక పెట్టారు. బండి నడక. బ్రేకు ఎలా తొక్కుతావు, మలుపు ఎంత దూరాన మొదలుపెడతావు, గుంతలోకి దిగేముందు ఏం చేస్తావు. ఇది ఎవరూ దొంగిలించలేనిదని మండలి వారే ఊరూరా చాటింపు వేయించారు. ఆ చాటింపు నేనూ విన్నాను. ఇప్పుడు దొంగిలించానంటున్నారు.

3

మద్దిలేటి సంగతి.

సేద్యం ఎండిపోయాక నా దగ్గరికి వచ్చాడు. పెళ్లైనవాడు, మీసాలున్నవాడు. నా పక్క సీట్లో ఏడాదికి పైగా కూర్చున్నాడు. నేను మోసేది ఎక్కువగా నాపరాళ్లు. వాటిని పడుకోబెట్టి పేరిస్తే అడుగు వరస పగులుతుంది. అందుకని నిలువుగా పేరుస్తాం, పలకకు పలక ఆనించి. అలా నిలబెట్టిన సరుకు మీద గబుక్కున బ్రేకు వేస్తే ముందు పలక నుంచి వెనక పలక దాకా ఒక్కటే దెబ్బ. కాబట్టి ఆగవలసిన చోటుకు చాలా ముందే కాలు తీసేస్తాను. బండి తనంతట తను తగ్గుతుంది. బండలు ఒకదాన్నొకటి ఆనుకుంటాయి. ఆ చప్పుడు వీపుకు తెలుస్తుంది. తెలిశాకే బ్రేకు.

అది వాడికి ఎక్కడానికి చాలా కాలం పట్టింది. కాలు తీయగానే ఏదో ఒకటి చేయాలనిపించేది వాడికి.

"ఎనక ఉండేవి బండలురా, బస్తాలు గాదు. కాలు తీయి. తీసి ఊరకుండు."

"ఊరకుండాలంటే బయ్యమైతాదవ్వా."

"బయ్యపడు. బయ్యపడుకుంటానే ఊరకుండు."

నేర్చుకున్నాడు. సొంత బండి కొన్నాడు. నాకన్నా ముందే మేస్త్రి దగ్గర పేరు ఇచ్చుకున్నాడు. బండల లోడు ఉంటే మొదటి పిలుపు వాడికే. పోయిన ఎండల్లో, మధ్యాహ్నం బండ్లు తిరగకూడని వేళ, యార్డు రేకుల కింద పడుకున్నవాడు లేవలేదు. గుండె. వాడి బండి నిండా బండలున్నాయి, సముద్రం లోపలికి వచ్చాక కట్టిన ఎగువ రేవుకు పోవలసినవి.

మాలో ఒక పద్ధతి ఉంది. దాన్ని కడమోత అంటాం. లోడు ఎక్కాక డ్రైవరు పోతే, వాడితో ఒక కంచంలో తిన్నవాళ్లు ఎవరైనా ఆ లోడును వాడి బండిలోనే చేరవేయాలి. దారిలో వాడు పోయాడని ఎవరితోనూ అనకూడదు. చెక్‌పోస్టులో అడిగినా వాడి పేరే చెప్పాలి. సరుకు దిగాక ఖాళీ బండి వెనక నిలబడి, "దిగింది" అని వాడికి చెప్పాలి. అప్పటికి గానీ వాడు పోయినట్టు కాదు. ఇంటి దగ్గర కూడా అప్పటిదాకా ఏడుపు ఆపుకుంటారు.

ఆ కడమోత నేను చేశాను. కనుమ దాటి రేవుకు పోయాను. చివరి పలక దిగింది. బండిలో మేస్త్రి గొంతు పలికింది. "మద్దిలేటి గారూ, సరుకు క్షేమంగా చేరింది. ఒక్క బండ కూడా పగల్లేదు. మీ ప్రయాణం ముగిసింది."

ఎవరో బుద్ధిమంతులు దీనికి కూడా కడమోత నేర్పారు అనుకున్నాను. పోయినవాడి పేరు పెట్టి పిలిచి, ప్రయాణం ముగిసిందని చెప్పింది. మా వాళ్లలో ఎవరూ అంత చక్కగా చెప్పరు. మొదటిసారి ఆ స్పీకరుకు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాను.

అది నన్నే మద్దిలేటి అనుకుంటున్నదని నాకు తెలియదు.

4

రేవు నుంచి వచ్చాక నా బండికి పరీక్ష పెట్టారు. పేరు కొత్తగా ఇచ్చుకున్నవాళ్లు ఇసుక బస్తాలు వేసుకుని పత్తికొండ దాకా పోయి రావాలి. పోయి వచ్చాను. యార్డులో బండి ఆపగానే అది అంది: "మద్దిలేటి గారూ, ఇది మీ బండి కాదు."

"నేను మద్దిలేటిని గాను. కదిరమ్మను."

"మీ నడక మద్దిలేటి గారి పేరున నమోదై ఉంది."

"నా నడక వాని పేరున ఎట్లుంటాదే? వానికి నేర్పింది నేను."

"మద్దిలేటి గారు మీకన్నా ముందు నమోదు చేసుకున్నారు."

"నేను పుట్టింది వానికన్నా ముందు."

అది మళ్లీ మొదటినుంచి అదే చెప్పింది. అప్పుడు నేనన్న మాటలు పెట్టె రాసుకుంటుందో లేదో చూద్దాం. దిక్కుమాలిన రేకు డబ్బా అన్నాను, ఇంకా కొన్ని అన్నాను. యార్డంతా విన్నారు.

నా పేరు పక్కన నకలు అని పడింది. ఆ రోజు నుంచి లోడు లేదు.

5

ఇక మద్దిలేటి బండి. రేవు నుంచి తెచ్చి వాళ్ల ఇంటి ముందు నిలిపాను. వాడి పెళ్లాం సుంకమ్మ. యార్డు వెనక కాలనీలో ఉంటుంది. ఆ బండికి లోడు హక్కు ఉన్నంత కాలమే ఆ ఇల్లు. డ్రైవరు లేడని తేలితే బండిని తుక్కు కోతకు పంపుతారు, ఇంటికి వేరేవాళ్లు వస్తారు.

దినాలైన మర్నాడు పొద్దున నన్ను పిలిపించింది. నేను వెళ్లేసరికి గడప మీద కూర్చుని ఉంది. బండి మాట్లాడుతోంది.

"మద్దిలేటి గారూ, బేతంచెర్లలో బండలు ఉన్నాయి, అనంతపురానికి. వస్తారా?"

జవాబు రాకపోతే కొంచెం ఆగి మళ్లీ అడుగుతుంది. వాడంటే దానికి గౌరవం గనక చాలాసార్లు అడుగుతుంది. తలుపు వేసుకున్నా వినబడుతుంది.

"రోజూ ఇంతేనా?" అన్నాను.

"రోజూ ఇంతే. నిన్న ఆరోగ్యం బాగలేదా అని గూడ అడిగింది." సుంకమ్మ ఏడవలేదు. "నువ్వన్నా తోలవ్వా. నువ్వు తోలితే దానికి ఆయనే. నీకి లోడు దొరుకుతాది, నాకి ఇల్లు ఉంటాది."

"తోలను."

"ఏంటికి?"

"కడమోత అంటే ఒక్కటే సుంకీ. రెండోది మోస్తే అది దొంగతనం. నాకి లోడు గావాల్ల. కదిరమ్మా వస్తావా అని అడిగితే వస్తా. మద్దిలేటీ అని పిలిస్తే పలికేదానికి నేనేం వాని దయ్యాన్నా?"

"నీకి నీ పేరు ముఖ్యం. నాకి ఇల్లు ముఖ్యం."

తప్పుగా అనలేదు. నేను కాస్త దూరం నడిచి వెనక్కి తిరిగాను.

"తోలేది నేర్పితే నేర్సుకుంటావా?" అన్నాను.

6

నేర్చుకుంది. పాత రైలు షెడ్డు వెనక ఖాళీ జాగాలో, ఎండ ఎక్కకముందు. మద్దిలేటి బండిలో ఎప్పటివో పగిలిన బండలు నిలువుగా పేర్చాం. మొగుడిలాగా భయపడలేదు. కాలు తీసి, చేతులు ఒళ్లో పెట్టుకున్నంత నిమ్మళంగా ఊరుకుంది.

"నీకి ముందే వచ్చా ఏంది?" అన్నాను.

"పొయ్యి మీద పాలు పెట్టి నిలబడేదాన్ని గదవ్వా, ఇంతేలే."

నేను తిట్టడానికి వీలులేని శిష్యురాలు దొరికింది. అది నాకు కొంచెం కష్టంగానే ఉంది.

బండలు ఒదిగే చప్పుడు ఆమె వీపుకు తెలిసిన రోజున యార్డు దాకా తోలుకు రమ్మన్నాను. కాటా మీద ఆపింది. మేస్త్రి పలికింది.

"మద్దిలేటి గారూ, చాలా రోజులైంది. ఆరోగ్యం కుదుటపడిందా?"

సుంకమ్మ స్టీరింగు మీద చేతులు తీయలేదు. ఎదురుగా అద్దంలోంచి చూస్తూ ఉంది. మొగుడి పేరు పెట్టి తనను పిలిస్తే ఏ ఆడదైనా ఏం చేస్తుందో నాకు తెలియదు. నేను పక్క సీట్లో ఉన్నాను.

"మద్దిలేటి గారూ, బేతంచెర్లలో బండలు ఉన్నాయి. వస్తారా?"

వస్తానంటే అయిపోయేది. ఇల్లు ఉండేది. అనమని నేను మోచేత్తో పొడిచాను కూడా. నేను తోలితే దొంగతనం గానీ, ఆమె తోలితే కాదని నాకు నేను చెప్పుకున్నాను.

"ఆయన లేడు," అంది సుంకమ్మ. "ఎండల్లోనే పోయినాడు. నేను సుంకమ్మను. లోడు నాకియ్యి."

మేస్త్రి, మద్దిలేటి గారి పేరు తొలగించడమైనదనీ, ఆయన నడకతో తోలుతున్న ఇద్దరి మీదా విచారణ జరుగుతుందనీ చెప్పింది.

కిందికి దిగాక అడిగాను.

"ఏమ్మే, తలకాయ ఉండాదా నీకి? ఇల్లు ముఖ్యమంటివే?"

"నీ పక్కన కూర్సుంటి గదా అన్ని దినాలు," అంది. "అంటుకున్నట్టుండాది."

7

విచారణకు మండలి నుంచి వచ్చిన ఆఫీసరమ్మ పేరు వైదేహి. చిన్న వయసు. మర్యాదస్తురాలు. నా బండిలో తను కూడా ఎక్కి, కొన్ని నాపరాతి పలకలు వేయించి, కనుమ మొదటి మలుపు దాకా పోయి రమ్మంది. దానికోసం ఒక పూట బ్యాటరీ ఇప్పించింది. వచ్చాక సుంకమ్మను తోలమంది. రెండు నడకలూ దగ్గర పెట్టి చూసింది. మద్దిలేటి పాత నడక కూడా తీసింది. మూడింటినీ గోడ మీద గీతలుగా వేసి చూపించింది. నాకు గీతలు తెలియవు. మూడు చోట్లా ఒకేలాంటి పల్లం కనబడింది. అది కాలు తీసిన చోటు.

"అమ్మా, మీరు నేర్పారన్న మాట నిజమే. చూస్తే తెలుస్తోంది," అంది. "నేను మీ పక్షానే రాసి పెట్టాను. మండలి ఒప్పుకుంది. మీరు ఔనంటే ఇవాళే అయిపోతుంది."

రాసినది చదివింది. ఈ నడక కదిరమ్మ గారిది. దీని మీద సర్వహక్కులూ ఆమెవి. మేస్త్రి ఇకమీదట ఆమెను ఆమె పేరుతోనే పిలుస్తుంది.

మళ్లీ చదవమన్నాను. మళ్లీ చదివింది. నా పేరు అలా రాతలో ఉండగా వినడం బాగుంది. ఇది దాచను. ఔననడానికి నోరు తెరిచాను కూడా. అంతలో ఆమె కింద ఇంకో మాట ఉందనీ, అది కూడా వినాలనీ అంది. వినిపించకుండా కూడా ఒప్పించి ఉండవచ్చు. ఆ పని చేయలేదు. అది ఆమె మంచితనం, రాసుకో.

"ఈ నడకకు దగ్గరగా ఎవరు తోలినా అది నకలు కింద లెక్క."

"నకలంటే?"

"మీది చూసి చేసింది అని."

"చేసినోళ్లకి ఏమైతాది?"

"లోడు రాదమ్మా."

"అంటే సుంకమ్మకు రాదు."

"సుంకమ్మ గారికి రాదు. ఇంకా ఈ యార్డులో కొందరు ఉన్నారు. పుల్లయ్య గారు, డోన్ అన్నదమ్ములు ఇద్దరు, ఆ పొడుగాయన. వాళ్లు తోలేది పూర్తిగా మీలాగా కాదు. ఒకరు ఉల్లిగడ్డలు, ఒకరు నీళ్ల ట్యాంకరు, సరుకును బట్టి మారిపోయారు. అయినా దగ్గరే. ఇన్నాళ్లూ ఎవరూ హక్కు అడగలేదు గనక మేస్త్రి చూసీ చూడనట్టు వదిలింది. మీరు హక్కు తీసుకుంటే వదలదు."

వాళ్లంతా నా పక్క సీట్లో కూర్చుని లేచినవాళ్లే. నేను తిట్టిన తిట్లు తిని పైకి వచ్చినవాళ్లే.

"నాకి నేర్పింది మా మామ," అన్నాను. "ఆయనకి నేర్పింది బళ్లారి నుంచి వచ్చిన ఎవడో డ్రైవరు. వాని పేరు మా మామకే తెలీదు. వాని హక్కు యాడ రాస్తావు తల్లీ?"

ఆమె చేతిలోని ఫైలు మూసింది. కోపంతో కాదు.

"అయితే మీకు లోడు ఎలా ఇవ్వాలమ్మా? ఎవరికిస్తున్నామో మేస్త్రికి తెలియాలి కదా."

"అడగమను. నువ్వెవరని అడిగి, చెప్పింది నమ్మమను."

"నమ్మడం దానికి రాదమ్మా."

"మద్దిలేటికి గూడ ఊరకుండేది రాకుండె."

నవ్వింది గానీ, తన చేతిలో ఏమీ లేదని చెప్పింది. నేను ఔననలేదు గనక కేసు పెండింగు. సుంకమ్మ ఇల్లు ఖాళీ చేయడానికి గడువు ఇచ్చారు. సామాను తెచ్చుకుని నా బండిలో పెట్టుకోమన్నాను. తన పొయ్యి, దుప్పట్లు, ఒక ఫ్యాను తెచ్చింది. ఫ్యాను ఎందుకో నాకు అర్థం కాలేదు. ఆ బండిలో ఫ్యాను తిరిగేంత బ్యాటరీ కూడా లేదు.

8

ఈ మాట కూడా నా వాదనలో చేర్చండి. త్వరగా చెబుతాను, బయట పని నడుస్తోంది.

ఇవాళ పొద్దున బేతంచెర్ల నుంచి నంద్యాలకు బండల లోడు వచ్చింది. స్తంభం మీది స్పీకరు మొదట పుల్లయ్యను పిలిచింది. యార్డంతా వినబడింది. పుల్లయ్య బండికి ఆనుకుని పళ్లు తోముకుంటున్నాడు.

"రాను," అన్నాడు.

వాడి పేరు ఒక మెట్టు దిగిందని చెప్పింది. నాకు మండింది.

"ఒరే పుల్లిగా, ఏం పొయ్యేకాలమురా నీకి? వస్తానని జెప్పు."

"నడుం నొప్పి అవ్వా."

డోన్ అన్నదమ్ముల్లో పెద్దవాణ్ణి పిలిచింది. వాడూ రానన్నాడు. ఏంరా అంటే, "నాకి బండలంటే సిన్నప్పటి నుంచి బయ్యమవ్వా" అన్నాడు. రోజూ మోసేది బండలే.

చిన్నవాణ్ణి పిలిచింది. "మా బామ్మర్ది పెండ్లి ఉండాది."

"నీకి బామ్మర్ది యాడున్నాడురా? నీ పెండ్లాం ఒక్కతే గదా బిడ్డ!"

"అందుకే పెండ్లి ఆలస్యమైతాంది అవ్వా."

వాళ్లు కావాలనే ఆ లోడు వదులుతున్నారని అప్పటికి నాకు తెలిసింది. అయినా తిట్టడం ఆపలేదు. ఆపితే వాళ్లు నా ముఖం చూస్తారు. యార్డులో ఉన్నవాళ్లందర్నీ వరసగా పిలిచింది. నా దగ్గర నేర్చుకోనివాళ్లు కూడా రానన్నారు. ఒక్కొక్కరి మెట్టూ దిగింది. అది చిన్న విషయం కాదని మండలి వారికి తెలుసు. దిగిన మెట్టు ఎక్కడానికి ఒక వర్షాకాలం పడుతుంది.

పేర్లు అయిపోయాక స్పీకరు ఆగింది. అప్పుడది ఎప్పుడూ అనని మాట అంది.

"ఈ లోడును ఎవరూ తీసుకోలేదు. యార్డు ఒప్పందం ప్రకారం కేక వేయవలెను."

యార్డు స్థలం మేస్త్రికి ఇచ్చేనాడు పాత డ్రైవర్లు ఒక షరతు పెట్టారట. అందరూ కాదన్న లోడును యార్డులో బహిరంగంగా కేక వేయాలి. పలికినవాళ్లకు, వాళ్లెవరైనా సరే, ఇవ్వాలి. ఇన్నేళ్లలో ఆ అవసరం రాలేదు. వచ్చేలా చేసుకోవచ్చన్న ఆలోచన ఎవరిదో నాకు చెప్పలేదు. కాశింసా మాత్రం ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి ఉన్నాడు.

కాటా మీదికి ఎక్కి నిలబడ్డాడు. సిగ్గుపడ్డాడు. గొంతు సవరించుకున్నాడు.

"ఎయ్యప్పా కేక, నిఖా చదివేటట్టు నిలబడినావే," అన్నాడు పుల్లయ్య.

"బండలు!" అని అరిచాడు కాశింసా. "బేతంచెర్ల నుంచి నంద్యాలకు! ఎవరుండారు?"

రెండోసారి అరిచాడు. మూడోసారి అరిచాడు. అందరూ నేల చూస్తున్నారు.

"నేనుండా," అన్నాను.

"ఎవరు?"

"కండ్లు పోయినాయా నీకి? కదిరమ్మను."

కాశింసా స్తంభం వైపు తిరిగి చెప్పాడు, చాలా గట్టిగా, చెవిటివాడికి చెప్పినట్టు. "కదిరమ్మ పలికింది!"

స్తంభం మీంచి ఆ గొంతు వచ్చింది.

"కదిరమ్మ గారూ, బ్యాటరీ మార్చుకోండి. ఆరో నంబరు గనికి రండి."

వస్తున్నానని చెప్పాను. అంతకంటే ఏమీ అనలేదు. అనడానికి చాలా ఉండింది గానీ, లోడు ఇచ్చినవాడితో అక్కడే నిలబడి మాట్లాడితే ఎండెక్కిపోతుంది.

బయట బ్యాటరీ మారుస్తున్నారు. ఆ లోపల ఈ మాట చెప్పి పోదామని వచ్చాను. సుంకమ్మ పక్క సీటు ఎక్కి కూర్చుంది, సద్ది కట్టుకుని. పాణ్యం దాకా నేను తోలుతాను, అక్కడి నుంచి తను తోలుతుంది. నాకన్నా ఒక పిసరు ముందే కాలు తీస్తుంది. బండలకు అదే బాగున్నట్టుంది. ఆ మిగిలిన దారి ఎవరి పేరున రాసుకుంటారో మండలి వారు కూర్చుని తేల్చుకోండి. గేటు తీస్తున్నారు, నేను పోవాలి.